తిమింగలాలు పోయే దారి పక్కన



చలికాలంలో పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు మన ఊళ్ళలో వీధికొకరు ఉన్నారు. తిరిగొచ్చాక అడిగితే గోల్డెన్ గేట్ వంతెన చూశామంటారు, లివర్‌మోర్ గుడికి వెళ్ళామంటారు, లాస్ వేగాస్ దీపాల గురించి చెబుతారు. వాళ్ళున్న ఇంటికి గంట, రెండు గంటల దూరంలో, సరిగ్గా ఆ నెలల్లోనే, వేల తిమింగలాలు ఒడ్డుకు దగ్గరగా ఈదుకుంటూ పోతాయన్న సంగతి చాలామందికి తెలియదు. పడవ ఎక్కక్కర్లేదు. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండకొమ్ము మీద నిలబడి, ఓపిగ్గా నీళ్ళవైపు చూస్తే చాలు. మా అమ్మాయి ఫ్రీమాంట్‌లో ఉండటం వల్ల నాకు ఆ గట్లు అలవాటయ్యాయి. వాటి మీద నిలబడి చూసినదీ, తెలుసుకున్నదీ ఇవాళ మీతో చెప్పుకోవాలని ఉంది.

వీటిని గ్రే వేల్స్ అంటారు. ఒళ్ళంతా బూడిదరంగు, దాని మీద తెల్లటి మచ్చలు, గాట్లు. పెద్దవి 12 నుంచి 15 మీటర్ల పొడవుంటాయి, అంటే మన ఆర్టీసీ బస్సును మించిపోతాయి. బరువు 30 టన్నులు దాటుతుంది. ఇంత దేహాన్ని పోషించేవి వేలెడంత కూడా ఉండని ఆంఫిపాడ్లు, రొయ్యలకు దూరపు చుట్టాలు. అలాస్కా దగ్గరి బేరింగ్, చుక్చీ సముద్రాల అడుగున బురదలో అవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. తిమింగలం ఒక పక్కకు, ఎక్కువగా కుడిపక్కకు, ఒరిగి నేలబారుగా ఈదుతూ ఆ బురదను నోటినిండా పీలుస్తుంది. దానికి పళ్ళుండవు. పైదవడ నుంచి కుచ్చు అంచులతో పలకలు వేలాడుతుంటాయి. బురద, నీళ్ళు వాటి సందుల్లోంచి బయటికి పోతాయి, తిండి లోపల చిక్కుకుంటుంది. ఎండాకాలమంతా ఇలా తిని ఒంట్లో కొవ్వు పట్టిస్తాయి. ఏడాదిలో మిగతా కాలం చాలావరకు ఆ కొవ్వు మీదే గడవాలి. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. వాటి కథలో ఇప్పుడొచ్చిన కష్టమంతా దీనిలోంచే పుట్టింది.

శరత్కాలంలో ఉత్తరాన పగళ్ళు పొట్టివై, సముద్రం గడ్డకట్టడం మొదలవుతుంటే అవి దక్షిణానికి బయలుదేరతాయి. అలాస్కా, కెనడా, వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియా తీరాల వెంబడి దిగుతూ మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా చేరతాయి. అక్కడ ఎడారి అంచున, అలల తాకిడి లేని లోతు తక్కువ ఉప్పునీటి సరస్సులున్నాయి. ఓహో డె లియెబ్రే, సాన్ ఇగ్నాసియో అలాంటివే. పుట్టే పిల్లకు అక్కడి నీళ్ళు వెచ్చగా ఉంటాయి, వేటాడే జంతువుల భయం తక్కువ. పోనూ రానూ కలిపి 16,000 నుంచి 20,000 కిలోమీటర్ల ప్రయాణం.

ఈ ప్రయాణానికి ఒక వరస ఉంది. వెళ్ళేటప్పుడు అందరికన్నా ముందు నిండుచూలాళ్ళు పోతాయి. వెనక తక్కిన పెద్దవి, చివర కుర్రవి. ఫిబ్రవరి నుంచి తిరుగు ప్రయాణం. ఈసారి ముందు కొత్తగా చూలు నిలిచిన ఆడవి, తర్వాత మగవి, కుర్రవి. బాలింతలు ఆఖరున బయలుదేరతాయి. పుట్టినప్పుడే నాలుగున్నర మీటర్లుండే పిల్ల, సగానికి సగం కొవ్వున్న తల్లిపాలు తాగి, చర్మం కింద కొవ్వుపొర కట్టాక గానీ చల్లటి ఉత్తరపు నీళ్ళకు తట్టుకోలేదు. అందుకని తల్లి ఆగుతుంది. నెలల తరబడి తను తినకుండా పిల్లకు పాలిస్తూ ఆగుతుంది.

మరి ఒడ్డు మీద నుంచి ఎలా చూడాలి? జనవరి మధ్యలో దక్షిణానికి పోయేవి ఎక్కువగా కనిపిస్తాయి. మార్చి మధ్యలో ఉత్తరానికి తిరిగిపోయేవి. ఏప్రిల్ చివర, మే మొదట్లో తల్లీపిల్లలు. ఎండ మన కళ్ళలో పడని పొద్దు, గాలి లేచే ముందు పొద్దు మంచిది. పడమటి సముద్రం కాబట్టి అక్కడ ఉదయమే మేలు. సముద్రం మీద నురగలు లేచాయంటే తిమింగలం ఊపిరి ఆ తెలుపులో కలిసిపోతుంది. కొత్తవాళ్ళు చాలామంది చేరీచేరగానే బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకుంటారు. అది పద్ధతి కాదు. ముందు ఉత్త కళ్ళతో, ఒకచోట గుచ్చి చూడకుండా, నీళ్ళ మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా చూపు తిప్పుతూ ఉండాలి. దూరాన తెల్లగా ఒక పొగ లేచి, గాలికి వాలి, మాయమవుతుంది. అది దాని ఊపిరి. రెండు నిలువుల ఎత్తు లేస్తుంది. గాలి లేని రోజున ఎదురుగా వస్తున్నదైతే పైన రెండుగా చీలి గుండె ఆకారంలో కనిపిస్తుంది, ముక్కు రంధ్రాలు రెండు కాబట్టి. ఇప్పుడు బైనాక్యులర్స్ తీయండి.

ఆ తర్వాతది లెక్క ప్రకారం నడుస్తుంది. పావు నిమిషం, అర నిమిషం ఎడంతో మూడు నుంచి ఐదుసార్లు ఊపిరి తీసుకుంటుంది. ఆఖరి ఊపిరికి వీపు ఎత్తుగా వంచి, తోక పైకెత్తి మునుగుతుంది. అక్కణ్ణించి మూడు నుంచి ఆరు నిమిషాలు కనిపించదు. గంటకు ఎనిమిది కిలోమీటర్ల చొప్పున పోతుంటుంది కాబట్టి, మునిగినచోటే చూస్తూ కూర్చుంటే లాభం లేదు. అది పోయే దిక్కుగా చూపును నాలుగైదు వందల మీటర్లు ముందుకు జరిపి కాచుకోవాలి. నీళ్ళు ప్రశాంతంగా ఉంటే మరో ఆనవాలు కూడా ఉంటుంది. లోపల తోక కొట్టినప్పుడల్లా పైకి తన్నుకొచ్చిన నీరు గుండ్రంగా, నున్నగా ఒక మచ్చ చేస్తుంది. ఒకదాని వెనక ఒకటిగా ఆ మచ్చలు పడుతుంటే కనబడని తిమింగలం ఎటు పోతున్నదో మనకు తెలిసిపోతుంది. నాకు తోక చూడటం కన్నా ఈ మచ్చలను పట్టుకుని దాని వెంట చూపును నడిపించడమే ఎక్కువ ఇష్టం.

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన పాయింట్ రేయిస్ అనే కొండకొమ్ము ఉంది. 1870లో కట్టిన లైట్‌హౌస్ అక్కడ కొండ చరియ మధ్యలో ఉంటుంది. దాని దగ్గరికి 313 మెట్లు కిందికి దిగాలి, మళ్ళీ అన్నీ ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దిగకపోయినా ఫర్వాలేదు, మెట్ల పైన చూసేందుకు చోటు కట్టారు, అక్కణ్ణించీ బాగానే కనిపిస్తుంది. కోటూ, చెవులు మూసే టోపీ తప్పనిసరి. గాలి మరీ పెరిగితే మెట్లదారి మూసేస్తారు.

ఆ కొండకే తూర్పు కొసన చిమ్నీ రాక్ అనే చోటుంది. తల్లీపిల్లల కోసం నేను అక్కడికే వెళ్తాను. ఒక ఏప్రిల్ చివర ఉదయం, కింద రాళ్ళకు బాగా దగ్గరగా, కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు తేలుతున్నచోట, ముందు చప్పుడు వినిపించింది. పెద్ద తిత్తిలోంచి గాలి ఒక్కసారి వదిలినట్టు. తర్వాత నాచును పక్కకు నెట్టుకుంటూ తల్లి వీపు పైకొచ్చింది. వీటికి వీపు మీద నిలువు రెక్క ఉండదు. ఒక చిన్న మూపు, దాని వెనక తోక దాకా వరసగా కణుపులు. తల మీద తెల్లగా, గరుకుగా గుంపులు కట్టిన బార్నకిల్స్ అనే గుల్ల ప్రాణులు విడివిడిగా కనిపించాయి. ఆ రకం బార్నకిల్ దాదాపుగా ఈ తిమింగలం చర్మం మీదే బతుకుతుంది. వాటి అంచుల్లో నారింజ ఛాయలో సన్నటి పట్టీలు, తిమింగలపు పేలు. తల్లికీ ఒడ్డుకూ మధ్యన ఇంకో చిన్న ఊపిరి లేచింది, సగమైనా ఎత్తు లేదు. పిల్ల. దాని ఒళ్ళు ఇంకా ముదురురంగులో, నున్నగా ఉంది. తల్లి ఒక్కసారి ఊపిరి తీసుకునేలోగా అది రెండు మూడుసార్లు పైకొచ్చింది. సముద్రం వైపు తల్లి, రాళ్ళవైపు పిల్ల. అలాగే కొమ్ము చుట్టూ తిరిగి ఉత్తరానికి సాగిపోయాయి.

అంత ఒడ్డు పట్టుకుని పోవడానికి కారణం ఉంది. కిల్లర్ వేల్స్ అనే ఓర్కాలు గుంపుగా వచ్చి తల్లి నుంచి పిల్లను వేరుచేసి ముంచి చంపుతాయి. లోతు తక్కువ నీళ్ళలో, నాచులో, అలల హోరులో పిల్లను పసిగట్టడం వాటికి కష్టం. దారిలో వచ్చే మాంటెరే అఖాతంలో మాత్రం ఒడ్డుకు దగ్గర నుంచే లోతైన అగాధం మొదలవుతుంది. దాన్ని దాటేటప్పుడు తల్లీపిల్లలకు దాగే చోటు ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఓర్కాలు అక్కడ కాచుకుంటాయి.

తిమింగలం కోసం చూస్తుండగా తక్కిన ప్రాణులు వాటంతటవే కంటబడతాయి. మాంటెరేకు దక్షిణాన కెల్ప్ నాచులో వెల్లకిలా పడుకుని, పొట్ట మీద రాయి పెట్టుకుని గుల్లలు పగలగొట్టుకు తినేది సముద్రపు నీటికుక్క, సీ ఆటర్. బొచ్చు కోసం వేటాడి కాలిఫోర్నియాలో వీటిని తుడిచిపెట్టేశారనే అందరూ అనుకున్నారు. 1938లో బిక్స్‌బీ వాగు దగ్గర ఒడ్డు మీద నుంచి చూస్తే ఓ 50 మిగిలి ఉన్నట్టు తేలింది. ఇప్పుడు ఆ తీరంలో ఉన్న దాదాపు 3,000 ఆ కొద్దిపాటి గుంపు సంతతే. ఇంకా దక్షిణాన, పియెద్రాస్ బ్లాంకాస్ దగ్గర, హైవే పక్కనే ఇసుకలో ఏనుగు సీల్స్ వేలల్లో పడి ఉంటాయి. జనవరిలో వెళ్తే పోట్లాడుకునే మగవీ, అప్పుడే ఈనిన ఆడవీ, పాలకు అరిచే పిల్లలూ ఒక్కచోటే కనిపిస్తాయి. నూనె కోసం చంపగా 19వ శతాబ్దం చివరికి ఇవి వంద లోపే మిగిలాయి. ఆ ఇసుకకు మొదటిసారి వచ్చింది 1990లోనే. ఇక బూడిదరంగు నీళ్ళ మీద వరసగా, అలకు తగిలీ తగలనట్టు ఎగిరే పెలికాన్లు. డీడీటీ అనే పురుగుమందు వల్ల వీటి గుడ్ల పెంకులు పలచబడి తల్లి కూర్చుంటేనే చిట్లిపోయేవి. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. 2009కల్లా ఈ పక్షిని అంతరించిపోయేవాటి జాబితా నుంచి తీసేశారు.

ఈ గట్ల మీద నిలబడి తిమింగలాల కోసం చూడటం కొత్త కాదు. కార్మెల్ ఊరి పక్కన పాయింట్ లోబోస్ ఉంది, ఇప్పుడది ప్రభుత్వ సంరక్షణలో ఉన్న అందమైన తీరం. 1862 నుంచి అక్కడ పోర్చుగీసు వేటగాళ్ళు ఉండేవారు. గుట్ట మీద ఒకడు కాపలా నిలబడి, దూరాన ఊపిరి లేవగానే సంకేతమిచ్చేవాడు. కింద రేవులోంచి పడవలు బయలుదేరేవి. ఆ గుట్ట పేరు ఇవాళ్టికీ వేలర్స్ నాల్. రేవు పక్కన పాతకాలపు చెక్క ఇంట్లో చిన్న మ్యూజియం పెట్టారు. కొవ్వు కాచిన ఇనప కాగులు, తిమింగలపు ఎముకలు చూడొచ్చు. దక్షిణాన బాహా సరస్సుల్లో ఇంకా ఘోరం జరిగింది. 1857లో చార్లెస్ స్కామన్ అనే కెప్టెన్ ఓహో డె లియెబ్రే సరస్సులోకి దారి కనుక్కుని, ఈనడానికి వచ్చిన తల్లులను అక్కడే చంపడం మొదలుపెట్టాడు. పిల్లను కాపాడుకోవడానికి తల్లులు పడవలను బద్దలుకొట్టేవి. అందుకు వేటగాళ్ళు వాటిని దెయ్యపు చేపలన్నారు. అదే స్కామన్ 1874లో ఆ తీరపు సముద్రజీవుల గురించి గొప్ప గ్రంథం రాశాడు. తను చంపిన ప్రాణిని అంత శ్రద్ధగా గమనించినవాడు ఆ కాలంలో మరొకడు లేడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు అర్థం కాదు.

20వ శతాబ్దం మధ్యలో అంతర్జాతీయ ఒప్పందాలతో పెద్దయెత్తున వేట ఆగింది. 1950లో శాన్‌డియాగోలో పాయింట్ లోమా మీది పాత లైట్‌హౌస్‌ను తిమింగలాలు చూడటానికి జనానికి తెరిచారు. 1972లో సాన్ ఇగ్నాసియో సరస్సులో ఫ్రాన్సిస్కో మయొరాల్ అనే మత్స్యకారుడి చిన్న పడవ పక్కకు ఒక తిమింగలం వచ్చి నిలబడింది. అప్పటిదాకా అక్కడి జాలరులు వాటికి భయపడి దూరంగా తొలగేవారు. ఆయన చెయ్యి చాచి ముట్టుకున్నాడు. తిమింగలం కదల్లేదు. ఆనాటి నుంచి ఆ సరస్సులో తల్లులు తమంతట తామే పిల్లలను పడవల దగ్గరికి తేవడం లోకమంతా చూసింది.

ఒడ్డు మీద చూపుకు అన్నిటికన్నా పెద్ద ఉపయోగం లెక్క. పాయింట్ లోబోస్‌కు కాస్త దక్షిణాన గ్రానైట్ కెన్యన్ అనే చోట, గట్టు మీద ఒక చిన్న షెడ్డు ఉంది. 1967లో మొదలుపెట్టి ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ఇక్కడి తీరం నుంచి దక్షిణానికి పోయే తిమింగలాలను లెక్కిస్తున్నారు. అక్కడ సముద్రం ఒడ్డు పక్కనే లోతెక్కుతుంది కాబట్టి అవన్నీ ఇరుకైన దారిలో దగ్గరగా పోతాయి. ఇద్దరిద్దరు జతగా కూర్చుని, వెలుతురున్నంతసేపూ ప్రతి ఊపిరినీ రాసుకుంటారు. రాత్రి పోయేవాటికి వేడిని పసిగట్టే కెమెరాలు పెట్టి చూశారు. పొగమంచులో తప్పిపోయినవాటిని గణితంతో అంచనా వేస్తారు. పియెద్రాస్ బ్లాంకాస్ దగ్గర 1994 నుంచి ఇలాగే వసంతంలో తల్లీపిల్లలను లెక్కపెడుతున్నారు. లాస్ ఏంజెలెస్ పక్కన పాయింట్ విసెంటే గట్టు మీద జీతం లేని మామూలు మనుషులు, 1984 నుంచి చలికాలం వసంతం రోజూ కూర్చుని రాస్తున్నారు. అలీసా షూల్మన్ జానిగర్ అనే జీవశాస్త్రజ్ఞురాలు ఆ పని నడిపిస్తున్నారు. పదవీ విరమణ చేసినవాళ్ళు, గృహిణులు, విద్యార్థులు అందులో ఉన్నారు.

ఈ లెక్కల వల్లే 1994లో ఈ తీరపు గ్రే తిమింగలాన్ని ఆపదలో ఉన్న జంతువుల జాబితా నుంచి తొలగించగలిగారు. 2016 నాటికి వాటి సంఖ్య దాదాపు 27,000. ఆ తర్వాత 2019లో తీరాల వెంట చచ్చి కొట్టుకురావడం మొదలైంది. 2023 చివరికి ఒడ్డుకు చేరిన కళేబరాలే 690. మధ్యలో కొంత కోలుకున్నట్టు కనిపించింది. 2025 లెక్క వచ్చేసరికి దాదాపు 13,000. గత 50 ఏళ్ళలో ఇంత తక్కువ లేదు. ఆ వసంతంలో ఉత్తరానికి పోయిన పిల్లలు 85 దాకా మాత్రమేనని అంచనా. 1994లో పిల్లల లెక్క మొదలైన దగ్గర్నుంచి అన్నిటికన్నా చిన్న అంకె అది.

కారణం మొదట చెప్పిన బురదలోనే ఉంది. ఆర్కిటిక్ మంచు అడుగున ఒకరకం పాచి పెరుగుతుంది. వసంతంలో అది రాలి సముద్రం అడుక్కి దిగుతుంది. బురదలోని ఆంఫిపాడ్లకు అదే ఆహారం. సముద్రం వేడెక్కి మంచు తగ్గితే పాచి తగ్గుతుంది, ఆంఫిపాడ్లు తగ్గుతాయి, తిమింగలం చాలినంత కొవ్వు పట్టకుండానే ప్రయాణం కడుతుంది. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన జాషువా స్టూవర్ట్ బృందం 2023లో సైన్స్ పత్రికలో ఈ సంబంధాన్ని దశాబ్దాల లెక్కలతో చూపించింది. అర్ధాకలితో ఉన్న ఆడది చూలు నిలుపుకోలేదు. దారిలో ఆకలి తట్టుకోలేని కొన్ని శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోకి తిండి వెతుక్కుంటూ వస్తున్నాయి. అది ఓడలు బారులు తీరే దారి. అక్కడ ఓడలు తగిలి చస్తున్నాయి. ఓడల వేగం తగ్గించడం మన చేతిలో ఉన్న పని, దాన్ని వెంటనే, కచ్చితంగా చెయ్యాలి. ఆర్కిటిక్ సంగతి అంత సులభం కాదు.

మన తీరంలోనూ, అక్కడ తిమింగలాలు దారిలో ఉండే నెలల్లోనే, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. తెల్లవారకముందే ఇసుకలో వాటి జాడలు వెతికి, గూళ్ళు లెక్కపెట్టి, కుక్కల నుంచి గుడ్లను కాపాడే మత్స్యకార యువకులు మనకున్నారు. గ్రానైట్ కెన్యన్‌లో షెడ్డులో కూర్చున్నవాళ్ళకూ వీళ్ళకూ పనిలో తేడా లేదు. ఆ యువకుల పేర్లు, వాళ్ళు రాసుకున్న అంకెలు మన పత్రికల్లో ఇంకా ఎక్కువ కనిపించాలని నా కోరిక.

వేసవి సెలవుల్లో వెళ్ళేవాళ్ళు, జూన్, జూలైలో తిమింగలాలు ఉండవు కదా అనుకోవచ్చు. ఉంటాయి. రెండు వందల పైచిలుకు గ్రే తిమింగలాలు ఆర్కిటిక్ దాకా పోవు. ఉత్తర కాలిఫోర్నియా నుంచి కెనడా దాకా ఉన్న తీరంలోనే ఆగి, కెల్ప్ నాచులో ఉండే సన్న రొయ్యల్లాంటి ప్రాణులను తిని వేసవి గడుపుతాయి. ఒరెగాన్‌లో డిపో బే అనే చిన్న ఊళ్ళో హైవే పక్క రాతిగోడ దగ్గర నిలబడితే అవి ఒక్కోసారి రాయి విసిరే దూరంలో తిరుగుతాయి. అక్కడివాళ్ళు వీపు మీది మచ్చలను బట్టి ఒక్కోదాన్ని గుర్తుపట్టి పేర్లు పెట్టుకున్నారు. ఈ గుంపులో 2000 తర్వాత పుట్టినవి పాతవాటి కంటే పొట్టిగా ఎదుగుతున్నాయని డ్రోన్ ఫొటోలతో కొలిచి తేల్చారు. గోడ పక్కనే ప్రభుత్వం నడిపే తిమింగలాల కేంద్రం ఉంది. ప్రవేశ రుసుం లేదు. బైనాక్యులర్స్ వాళ్ళే ఇస్తారు, ఎటు చూడాలో కూడా వాళ్ళే చూపిస్తారు.